గొంగడి మీద ఒడిబియ్యం

మా అక్క సుగుణమ్మ చేసిన చివరి మామూలు పని గొంగడి దులపడం. 1968 నవంబరులో ఒక ఉదయం, అమెరికాలో ఇల్లినాయి వైపు ఒక చిన్న ఊళ్ళో, ఇంటి వెనక మెట్ల మీదికి వచ్చి నల్ల గొంగడిని రెండు చేతులా పట్టుకొని మూడుసార్లు దులిపి కటకటాల మీద వేసిందట. టీకి నీళ్లు పెట్టి వస్తానని లోపలికి పోయిందట. నీళ్లు ఇంకిపోయి గిన్నె మాడిన వాసన వచ్చేదాకా బావ లేచి చూడలేదట. గుండె ఆగిపోయిందని డాక్టర్లు చెప్పిన మాట బావ రాసిన ఉత్తరంలో ఆ తరువాత ఉంది. నేను మాత్రం మొదటి నాలుగు వరుసల దగ్గరే ఆగిపోతాను. దులిపినప్పుడు లేచిన దుమ్ములో పిసరంతైనా మా ఊరిది ఉందేమోనని ఆలోచిస్తాను. ఆరేళ్లు దులిపిన గొంగడిలో ఏముంటుంది. అయినా ఆలోచిస్తాను.

మా ఊరికి కట్టంగూర్ దాటి సడక్ దిగి నాలుగు మైళ్లు నడవాలి. మా నాయిన ఏసోబు చాలా ఏండ్లు ఒకరి పొలంలో జీతం ఉన్నాడు. మా వాడ ఊరికి అవతల ఉండేది. అక్క మిషన్ దవాఖానలో నర్సు పని నేర్చుకుంది. చదువులో, చేతి శుభ్రంలో ముందుండేది కాబట్టి 1957లో అక్కడి దొరసానులు ఆమె పేరు పంపారు. దేశాలు ఒకరి మనుషులను ఒకరు పిలిపించుకొని పని నేర్పి పంపే పద్ధతి ఒకటి ఉండేది. ఆ పద్ధతిలో రెండేండ్లకు అమెరికా పోయింది. అక్కడి ఆసుపత్రిలో బట్టలుతికే ఆవిరి యంత్రాల దగ్గర పనిచేసే హెరాల్డ్‌ను పెళ్లి చేసుకుంది. ఫోటో పంపింది. ఎర్రటి మనిషి, పెద్ద చెవులు, భయపడుతున్నట్టు నిలబడ్డాడు. "మొగుని కంటె నా బిడ్డనే పొడుగున్నది" అని అమ్మ ఆ ఫోటోను బైబిలులో పెట్టుకుంది.

1960 జనవరిలో అక్క ఒక్కతే తిరిగి వచ్చింది.

ఆ సాయంత్రం మా ఇంటి ముందు వాడంతా కూర్చుంది. నాయిన చాలాసేపు కట్టెపుల్లతో నేల గీకి అడిగాడు.

"ఏం బిడ్డ, కొట్టిండా?"

"లేదు నాయినా."

"తాగుతడా?"

"పాలు తాగుతడు. మనం నీళ్లు తాగినట్టు."

"మరి ఎందుకొచ్చినవ్?"

"చట్టం పంపింది. నేను పోయిన దారి గసొంటిది. ఆడ నేర్సుకొని, వచ్చి ఈడ పనిచేస్తనని పోయిన. గా దారిల పోయినోళ్లు మల్ల సొంత దేశంల రెండేండ్లు ఉండాలె. ఉన్నంకనే పెండ్లాం అని కాయితం ఇస్తరు."

"లగ్గమైనంక గూడనా?"

"అయినంక గూడ."

"మొగుడు పిలిచినా?"

"మొగుడు పిలిచినా, మొగుని తల్లి పిలిచినా. రెండేండ్లు రెండేండ్లే."

ఎవరూ నమ్మలేదు. పెళ్లాన్ని మొగుని దగ్గర నుంచి పంపించే చట్టం ఉంటుందని ఎవరు నమ్ముతారు? ఇడిసిపెట్టిండు, చెప్పుకోలేక చట్టం అంటాంది అన్నారు. బావి దగ్గర ఆడవాళ్లు ఆ మాటను నెల రోజులు తోడుకున్నారు.

నమ్మిన మనిషి ఒక్కతే. కురుమ గుర్వమ్మ.

ఊళ్ళో సర్కారు కొత్తగా చిన్న దవాఖాన పెట్టింది. దానికి గుర్వమ్మ ఇంటి ముందరి అర్ర కిరాయికి తీసుకున్నారు. అక్కకు అందులోనే ఉద్యోగం దొరికింది. వెనక వసారాలో గుర్వమ్మ రాట్నం, ముందు అర్రలో అక్క సూదులు ఉడికించే పొయ్యి. గుర్వమ్మకు అరవై దాటాయి. మొగుడు లేడు. ఒక్క కొడుకు బీరన్న గొంగళ్లు నేసేవాడు. అక్క తన సంగతి చెబితే ఆమె నూలు తెంపకుండా విని, తల ఊపిందట.

"గంతేనా. ఆషాఢమే కదనే. కొత్త పెండ్లిపిల్లను ఆషాఢంల తల్లిగారింటికి తోలరా? మనకు నెల, వాళ్లకు రెండేండ్లు. పెద్ద దేశం, పెద్ద ఆషాఢం."

అక్క నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుందట. వచ్చిన తరువాత ఆమె నవ్వడం అదే మొదలు. ఆ తరువాత ఎవరు అడిగినా అదే చెప్పేది. "ఆషాఢం నడుస్తాంది" అనేది. చట్టం అంటే నమ్మనివాళ్లు ఆషాఢం అంటే నమ్మారు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మా అమ్మ కూడా, పాస్టరు వినకుండా, "అవును, గది పాటించాల్సిందే" అంది.

ఆ రెండేండ్లు నాకు ఇప్పుడు నీళ్లలోంచి చూసినట్టు కనబడతాయి. నాకప్పుడు పదహారు. నల్లగొండ హాస్టల్ నుంచి సెలవులకు వస్తే నేరుగా గుర్వమ్మ ఇంటికే పోయేదాన్ని. బీరన్న వింటితో ఉన్ని ఏకుతుండేవాడు. విల్లు దంగు దంగుమంటే ఉన్ని పింజలు లేచి ఎండలో తేలుతూ, ఎక్కడ వాలాలో తెలియనట్టు చాలాసేపు ఆగి, దిగేవి. అక్క పని ఆపి గడపలో నిలబడి చూసేది. "గిట్లనే పడ్తది ప్రమీలా, ఆడ మంచు. చప్పుడుండదు. పొద్దున లేస్తే ఊరే ఉండదు" అనేది. నల్ల మంచు పడుతున్న ఊరు ఒకటి నా కలల్లోకి చాలా ఏండ్లు వచ్చింది. అందులో పెద్ద చెవుల మనిషి ఒకడు గొర్రెల వెనక నడుస్తుండేవాడు.

గుర్వమ్మకు నెలలు, తేదీలు లేవు. ఆమె లెక్క గొర్రెలది. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తారు. నాలుగుసార్లు కత్తిరిస్తే రెండేండ్లు. అక్క వచ్చిన వారానికే ఒక కత్తిరింపు అయింది. ప్రతిసారీ మందలో గొర్రెపిల్లల మొదటి నల్ల ఉన్ని కొంత తీసి వేరే బుట్టలో వేసేది. "ఇది హరాలయ్యది" అనేది. హెరాల్డ్ ఆమె నోట్లో హరాలయ్య అయ్యాడు. నాలుగో కత్తిరింపు 1961 ఎండకాలం దాటగానే వచ్చింది. గుర్వమ్మ బుట్ట నెత్తిన పెట్టుకొని దవాఖాన అర్రలోకి వచ్చింది.

"అయిపోయింది బిడ్డా. నాలుగు. మూట కట్టుకో."

"ఇంకా ఆరు నెల్లున్నది అవ్వా."

"ఎట్లుంటది? నాలుగు కత్తిరింపులు కాలేదా?"

"మొదటిది నేను వచ్చిన వారానికే అయింది. నా లెక్క ఆ దినం మొదలైంది."

గుర్వమ్మ వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టుకుంది. "అయితే మీ సర్కారుకు గొర్ల లెక్క రాదు" అని బుట్ట దించి, ఆ ఆరు నెలలకు ఐదో కత్తిరింపు ఉన్ని కూడా దాచింది. అందుకే ఆ గొంగడి మామూలు గొంగడి కంటె బరువు.

1962 జనవరిలో రెండేండ్లు నిండాయి. ఆ రెండేండ్లూ దేశం దాటలేదని రుజువు కావాలి. పట్వారీ రామచంద్రం దగ్గరికి నేనూ వెంట పోయాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, "భూమి ఎవరిదో రాస్త. పంట ఏదో రాస్త. మనిషి ఎక్కడికీ పోలేదని రాసే కాలమ్ నా పహాణీల లేదమ్మా" అన్నాడు. చివరికి దవాఖాన రిజిస్టరు ముందు పెట్టుకొని, అక్క సూది వేసిన పిల్లల పేర్లన్నీ ఒక్కొక్కటి చూసి, "గిన్ని సూదులు పొడిసినామె ఎటు పోతది" అని రాసి ఠప్పా కొట్టాడు. కాగితాలు మద్రాసులో అమెరికావాళ్ల ఆఫీసుకు పోయాయి. ఏప్రిల్‌లో జవాబు వచ్చింది. అంతా సరిగ్గా ఉంది, ఆగస్టు నెలాఖరు లోపల స్వయంగా రావాలి, దాటితే మళ్లీ మొదటి నుంచి అని.

ఆ ఉత్తరం నేను చదివి చెప్పాను. అక్క ముఖం చూడలేకపోయాను.

అడ్డం పడ్డది నాయిన. కోపంతో కాదు, నెమ్మదిగా, మట్టి మీద చూపు పెట్టి అన్నాడు.

"ఆషాఢం అన్నవు. సరే అన్న. ఆషాఢం అయినంక ఏం జేస్తరు? అత్తగారి తరఫున ఎవరన్న వచ్చి పిల్లను తోల్కపోతరు. ఒడిబియ్యం పోసి పంపుతం. తనకు తానే లేచి పోయిన పిల్లకు ఒడిబియ్యం ఎవడు పోస్తడు? ఇడిసిపెట్టిండు కాబట్టే ఎవరూ రాలే అంటరు. రెండేండ్లు పడ్డ మాట ఊకెనే పడ్డట్టయితది."

"కాయితం వచ్చింది కద నాయినా. గదే పిలుపు."

"కాయితానికి కాళ్లుంటయా? ఎవరన్న ఒక పెద్దమనిషి రావాలె."

అమ్మ పసుపు కలిపే పళ్లెం కడిగి బోర్లించి పెట్టింది. ఒడిబియ్యం పోయకుండా బిడ్డను పంపడం అమ్మకు చేతకాని పని. అది లేకుండా పోవడం అక్కకూ చేతకాదని నాకు తెలుసు. ఊరు కాదన్నా పోయేది. నాయిన తల దించుకుంటే మాత్రం పోయేది కాదు.

హెరాల్డ్‌కు ఉత్తరం రాయమని నాయిన నాకే చెప్పాడు. ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనే. "మీ తరఫున ఎవరన్న ఒక పెద్దమనిషి వస్తే పిల్లను పంపుతం అని రాయి" అన్నాడు. నేను మంచి దస్తూరితో రాశాను. నువ్వు స్వయంగా రావాలి, లేకపోతే మా ఆచారం ప్రకారం పంపలేము అని రాశాను. నాయిన అన్న మాట అది కాదు. అక్క ఒకసారి పోయి రెండేండ్లకు పైగా రాలేదు. ఈసారి పోతే రాదు. నాకు ఇంతకంటె వేరే కారణం లేదు. ఓడలో వచ్చే నెల రోజులు, పోయే నెల రోజులు, బావకు దొరికే సెలవు పదిహేను రోజులు. ఇదంతా తెలిసే రాశాను.

మే నెల చివర బావ జవాబు అక్కకు వచ్చింది. రాలేనని. ఆవిరి యంత్రాల దగ్గర మనిషి లేడని, తల్లి మంచంలో ఉందని. అక్క ఆ ఉత్తరం పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"నాయిన హెరాల్డ్‌నే రమ్మన్నడా?"

"ఆ" అన్నాను.

ఆమె నా జడ విప్పి, మళ్లీ అల్లి, దవాఖానకు పోయింది. నాయినను అడిగిందని తరువాత తెలిసింది. అడిగి కూడా నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం గుర్వమ్మ వసారాలో రాట్నం చప్పుడు వినబడలేదని బీరన్న పెండ్లాం అన్నది. అక్కా గుర్వమ్మా కూర్చొని ఏదో రాసుకుంటున్నారని అన్నది. నేను పట్టించుకోలేదు.

జూలై అంతా మన ఆషాఢం. తరువాత శ్రావణం వచ్చింది. మొదటి వారంలో ఒక పొద్దున, ఎండ ఇంకా పలచగా ఉన్నప్పుడు, గుర్వమ్మ మా వాడలోకి వచ్చింది. తలకు నూనె రాసుకుంది. భుజాన కొత్త గొంగడి, నేతలో పెట్టిన చింతగింజల గంజి వాసన వదలనిది. వెనక బీరన్న చేతిలో పళ్లెం, అందులో నారాయణపేట చీర, బెల్లం, కొబ్బరి. వాడలో పిల్లలు వాళ్ల వెనక నడిచారు. ఊరివాళ్లు మా వాడలోకి పనికి పిలవడానికి వస్తారు. పళ్లెం పట్టుకొని వచ్చింది అప్పుడే చూశాను.

నాయిన లేచి నిలబడ్డాడు. "ఏం గుర్వమ్మా, గిట్లొచ్చినవ్?"

"పిల్లను తోల్కపోను వచ్చిన."

"ఎవరి తరఫున?"

"మొగపిల్లగాని తరఫున. హరాలయ్యకు తల్లిని."

ఎవరో కిసుక్కుమన్నారు. నాయిన నవ్వలేదు. "ఆయన మొఖం ఎన్నడన్న చూసినవా నువ్వు?"

"ఆయన నా మొఖం చూసిండా? సరికి సరి."

"గుర్వమ్మా, గిది ఆట గాదు."

"ఆటకు ఐదు కత్తిరింపుల ఉన్ని ఖర్చు పెడ్తనా ఏసోబూ?"

నాయిన గొంతు సవరించుకున్నాడు. "వియ్యపురాలివైతే మా ఇంట్ల నీళ్లు తాగాలె."

గుర్వమ్మ ఇంత వయసులో మా ఇంటి కుండ వైపు ఎన్నడూ చూసి ఎరుగదు. ఆమె గడప దాటి, తానే ముంత ముంచుకొని, నిలబడి, గుటక గుటకకు గొంతు కదులుతుండగా మొత్తం తాగింది. ముంత బోర్లించి చూపింది. "నీళ్లు జర ఉప్పగున్నయి. బిడ్డను మంచిగనే పెంచిండ్రు" అంది.

అప్పుడు నవ్వాడు మా నాయిన. అమ్మ పళ్లెం వెదకడానికి లోపలికి పరుగెత్తింది.

గొంగడి మా గుడిసె మధ్యలో పరిచారు. "మా పెండ్లిళ్లల్ల పిల్లను గొంగడి మీదనే కూసోవెడ్తం" అని గుర్వమ్మ అక్క చేయి పట్టి కూర్చోబెట్టింది. అమ్మ పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో అక్క ఒడిలో పోసింది. ప్రతి దోసిలికి అక్క తల కొంచెం కొంచెం వంగింది. పసుపు గింజలు కొన్ని జారి నల్ల గొంగడి మీద పడ్డాయి. పైకప్పు సందులోంచి వచ్చిన ఎండ వాటి మీద కదులుతూ ఉంది. ఇన్నేళ్లకూ కళ్లు మూస్తే ఆ గింజలు కనబడతాయి. నేను తడిక వెనక నిలబడి చూస్తున్నాను.

పోతూ పోతూ గుర్వమ్మ నా దగ్గర ఆగింది. "చిన్నబిడ్డా, ఇగ నువ్వు మా ఇంటికి రావాలె. నీతోని పనున్నది." నేను ముఖం తిప్పుకున్నాను.

ఒడిబియ్యం అత్తగారింట్లో వండి నలుగురికీ పెట్టాలి. అక్కకు అత్తగారిల్లు గుర్వమ్మదే అయింది కాబట్టి ఆ మధ్యాహ్నం ఆమె వాకిట్లోనే వండారు. మా వాడవాళ్లు, కురుమలు ఒకే వరుసలో కూర్చొని తిన్నారని నాయిన చనిపోయేదాకా చెప్పేవాడు. కురుమల్లో సగం మంది రాలేదు. నేనూ పోలేదు. తలనొప్పి అని పడుకున్నాను.

మరునాడు సడక్ మీద బస్సు ఎక్కుతూ అక్క "గుర్వవ్వ దగ్గరికి పోతుండు ప్రమీలా" అన్నది.

"ఆమె నీకు అత్త. నాకేమైతది?" అన్నాను.

బస్సు కదిలింది. కిటికీలో గొంగడి నల్లగా కొంతసేపు కనబడింది.

నాకు హుజూర్‌నగర్‌లో టీచరు ఉద్యోగం వచ్చింది. గుర్వమ్మ చేసింది పల్లెటూరి నాటకమని నా తోటి టీచర్లకు చెప్పి నవ్వించేదాన్ని. ముఖం చూడని కొడుక్కు తల్లి, సర్కారుకు గొర్రెల లెక్క రాదన్న మనిషి. బాగా చెప్పేదాన్ని. ఇంటికి పోయినప్పుడు ఆమె వాకిలి తగలకుండా చుట్టూ తిరిగి పోయేదాన్ని. నాయిన మూడుసార్లు కబురు తెచ్చాడు. "గుర్వమ్మ నిన్ను ఒక్కపారి రమ్మంటాంది." ఎందుకో చెప్పలేదు అన్నాడు. ఆమెను అడిగితే "గది చిన్నబిడ్డకే ఎరుక" అన్నదట. నాకు ఎరుక లేదు. సెలవు లేదన్నాను. అక్క ప్రతి ఉత్తరం చివర "మా ముచ్చట్లు విని గుర్వవ్వ ఏమన్నది?" అని అడిగేది. ఏమన్నదో నాకేం తెలుసు. "బాగుంది" అని రాసేదాన్ని.

గుర్వమ్మ 1967 వానకాలంలో పోయింది. నేను పోలేదు.

అక్క చనిపోయిన రెండు నెలలకు బావ నుంచి మరో కవరు వచ్చింది. గొంగడి తన దగ్గరే ఉంచుకుంటానని, ఈ కాగితం మాత్రం మా ఇంట్లో ఉండాలని రాశాడు. లోపల ఒకే కాగితం. 1962 మే నెలాఖరు తేదీ. అక్షరాలు అక్కవి, ఇంగ్లీషులో ఉంది. మాటలు గుర్వమ్మవి. అడుగున వేలిముద్ర, గంజి అంటిన వేలితో వేసినట్టు అట్టకట్టి, గరుకుగా.

అయ్యా హరాలయ్యా, అని మొదలైంది. నువ్వు రాలేవని తెలిసింది. నీ తరఫున ఒక పెద్దమనిషి పోవాలె. నువ్వు సరే అంటే నేను తల్లినని చెప్పి పోతాను. నువ్వు అననిదే నేను పోను, అబద్ధం చెప్పి పిల్లను తేను. సరే అని రెండక్షరాలు రాయి.

కాగితం వెనక బావ పెన్సిలుతో రాసుకున్నాడు. జూన్ పన్నెండున తంతి పంపాను, సరే అమ్మా అని.

నేను నాటకమని నవ్వించినది నాటకం కాదు. ఆమె నిజంగా అతను పంపితేనే వచ్చింది. అంతవరకే అయితే ఓర్చుకునేదాన్ని. వేలిముద్రకు పైన, చోటు చాలక అక్క చిన్న అక్షరాలతో ఇరికించిన ఆఖరి మాట ఉంది.

తోల్కపోయినంక నా కొడుకు కోడలు నాకు ఉత్తరాలు రాయాలె. నాకు చదువు రాదు. ఇంటి ముచ్చట్లు ఊళ్ళో ఇంకెవరితోని చదివించుకోను. పిల్ల చెల్లె ప్రమీల వచ్చి చదివి పెడ్తదని వాళ్ల అక్క నాకు మాట ఇచ్చింది.